మా ఏజెన్సీ ఊరి బడికి కంప్యూటర్లు, నెట్టు: 4 లక్షల్లో ఎలా ప్లాన్ చేయాలి?

కొండగాలి · 2025 అక్టోబరు 26, ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పాడేరు పైన ఓ చిన్న ఊరు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంటాను. ఊరొదిలి వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళం తొమ్మిదిమందిమి కలిసి 4 లక్షలు పోగుచేశాం. ఆశ్రమ పాఠశాలలో ఖాళీగా ఉన్న ఒక గదిలో కంప్యూటర్ ల్యాబ్, నెట్ పెట్టించాలని మా కోరిక. పిల్లలు 180 మంది దాకా ఉంటారు.

ఊరి సంగతి చెప్తాను. కరెంటు ఉంది గానీ వానాకాలంలో గట్టిగా గాలి వీస్తే రెండు మూడు రోజులు రాదు. ఊళ్ళో ఫోను సిగ్నల్ లేదు. వెనక గుట్ట మీద చింతచెట్టు దగ్గర 4జీ రెండు గీతలు వస్తుంది. రేషన్ ఇచ్చే రోజున వేలిముద్ర మిషను పట్టుకుని డీలరు, వెనకాల ముసలాళ్ళు అక్కడికే ఎక్కాలి. ఉపాధి పనుల ఫోటోలు ఎక్కించడానికి మేటు కూడా అక్కడికే. మండల కేంద్రం గాలిదారిన 8 కిలోమీటర్లు, రోడ్డు మీద 19.

మా ప్లాను: 10 డెస్క్‌టాప్‌లు (ఓ కంపెనీ పాతవి ఉచితంగా ఇస్తానంది), పెద్ద ఇన్వర్టరు, ప్రింటరు, ఏసీ ఒకటి, నెట్‌కి ఏదైనా. ఎక్సెల్‌లో వేస్తే 3.6 లక్షల్లో అయిపోతోంది. ఎక్కడ తప్పుతున్నామో చెప్పండి.

డాలస్_బావ · రాత్రి 10:05

స్టార్‌లింక్ (ఉపగ్రహాల నుంచి వచ్చే నెట్) పెట్టేయ్ తమ్ముడూ, ఒక్క దెబ్బకి అయిపోతుంది. ఇక్కడ మా ఫ్రెండు పొలంలో పెట్టాడు, చుట్టూ పది మైళ్ళు ఏమీ లేదు, 150 ఎంబీపీఎస్ వస్తోంది. డబ్బు తక్కువైతే నన్ను కూడా కలుపుకోండి.

తీగలమనిషి · రాత్రి 11:20

బావగారూ, స్టార్‌లింక్‌కి మన దేశంలో లైసెన్సు వచ్చిందే 2025 జూన్‌లో. సేవ ఇంకా మొదలు కాలేదు. మొదలయ్యాక కూడా ఆ డిష్షు 75 నుంచి 100 వాట్ల దాకా లాగుతుంది, రాత్రీ పగలూ పెడితే రోజుకి 2 యూనిట్లు. కరెంటు మూడు రోజులు రాని ఊళ్ళో ఆ 2 యూనిట్లు ఎక్కణ్ణించి తెస్తారు?

కొండగాలి తమ్ముడూ, నేను కేబుల్ ఆపరేటర్ని, పదహారేళ్ళుగా తీగలు లాగుతున్నా. కొత్తది కొనేముందు మీ పంచాయతీకి ఏం వచ్చిందో చూడు. భారత్‌నెట్ అని 2011లో మొదలైంది (అప్పట్లో వేరే పేరు), ప్రతి గ్రామ పంచాయతీకి ఫైబరు అన్నారు. మన ఏపీలో ఫైబరు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదనే వెళ్తుంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ గొట్టాల కందకాల్లోనే వేశారు. స్తంభాల మీద వేస్తే త్వరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ. చెట్టు విరిగి పడితే మాత్రం కరెంటూ నెట్టూ ఒకేసారి పోతాయి.

మీ సచివాలయంలో గోడకి ఫైబరు వచ్చి చేరే తెల్ల పెట్టె ఉంటుంది. దాని మీద ‘పాన్’ అని రాసున్న లైటు (తినేది కాదు) పచ్చగా నిలకడగా ఉందా, ‘లాస్’ అన్నది ఎర్రగా కొట్టుకుంటోందా చూసి ఫోటో పెట్టు. ఎర్రగా కొట్టుకుంటే దారిలో ఎక్కడో ఫైబరు తెగింది. ఏ లైటూ లేకపోతే పెట్టెకి కరెంటే లేదు. సగం ఊళ్ళల్లో జరిగేది ఈ రెండోదే.

పంతులు_గిరి · అక్టోబరు 27, ఉదయం 5:50

బాబూ, 22 ఏళ్ళుగా ఏజెన్సీ బళ్ళల్లోనే పని చేస్తున్నాను. మీ ఊరు పేరు చెప్పకపోయినా ఆ చింతచెట్టు నాకు తెలిసినట్టే ఉంది.

ఒకప్పుడు నేను పనిచేసిన బడికి ఐదేళ్ళ ఒప్పందం మీద 11 కంప్యూటర్లు, ఒక ఇన్‌స్ట్రక్టరు వచ్చారు. మొదటి ఏడాది పండగే. పిల్లలు చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేవాళ్ళు. రెండో ఏడాది చివర్లో యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. కంప్యూటర్లు బాగానే ఉన్నాయి, బ్యాటరీలే లేవు. ఎవరు కొనాలన్నది తేలక ఏడాది పాటు ఉత్తరాలు రాశాను. ఒప్పందం అయిపోయింది, ఆ అబ్బాయి వెళ్ళిపోయాడు. ఇప్పుడా గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉన్నాయి. మానిటర్ల మీద కప్పిన గుడ్డలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

మీ ఎక్సెల్ షీట్లో కొనేవన్నీ రాశారు. మూడో ఏడాది బ్యాటరీకి డబ్బు ఏ గడిలో ఉంది? గది తలుపు ఎవరు తీస్తారు? నేను ఐదు తరగతులు చూసుకోవాలి, పైగా యాప్‌లలో హాజరు, గుడ్డు ఫోటో, మరుగుదొడ్డి ఫోటో. ల్యాబు కూడా నా నెత్తిన పెడితే తాళం వేసే ఉంచుతాను. నిజం చెప్తున్నా, కోప్పడకండి.

ఇంకొకటి, మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది కువి, ఆదివాసీ ఒడియా. తెలుగే వాళ్ళకి రెండో భాష. ఇంగ్లీషు తెర ముందు కూర్చోబెడితే మూడో అడుగులో ఆగిపోతారు.

సోలార్_సుబ్బడు · ఉదయం 8:30

మాస్టారి మాటకి నా దండం. ఇక లెక్కలు.

పాత డెస్క్‌టాప్, మానిటరు కలిపి 130 వాట్లు అనుకో. పది అయితే 1,300. రోజుకి 4 గంటలు వాడితే 5 యూనిట్లు పైనే. దానికి సోలారూ బ్యాటరీలూ పెట్టాలంటే నీ 4 లక్షల్లో సగం అక్కడే అయిపోతుంది. ‘ఉచితం’ కంప్యూటర్లు నీకు తెచ్చేది ఆ ఖర్చే. అదే పాత ల్యాప్‌టాప్ అయితే 30 వాట్లు. ఎనిమిది పెడితే 240, నాలుగు గంటలకి ఒక యూనిట్. పైగా ఒక్కోదానికీ దాని బ్యాటరీ దానికే ఉంది, ఎండలో ఛార్జ్ చేసి సాయంత్రం వాడుకోవచ్చు.

చిన్న సర్వరు (పాఠాలు ముందే నింపి పెట్టుకునే కంప్యూటరు), రౌటరు, రేడియో (నెట్‌ని దూరం నుంచి గాలిలో తెచ్చేది) కలిపి 25 వాట్లు, 24 గంటలూ నడిస్తే 0.6 యూనిట్. మొత్తం 1.6. ఎండ బాగున్న రోజు నాలుగు గంటల లెక్కన, నష్టాలు తీసేస్తే 600 వాట్ల ప్యానెల్ చాలు. కానీ మీది పాడేరు. జులై, ఆగస్టుల్లో ఆకాశం తెల్లగా ఉంటుంది తప్ప సూర్యుడు కనపడడు. రెట్టింపు పెట్టు: 540 వాట్లవి రెండు. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేటు 24 వోల్టు 100 ఏహెచ్. అందులో 2 యూనిట్లు నిజంగా వాడుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లు ఆపేసి సర్వరు, నెట్ మాత్రమే నడిపితే మూడు రోజులు వస్తుంది. ట్యూబులర్ (ఇళ్ళల్లో ఇన్వర్టరుకి పెట్టే బ్యాటరీ) సగం ధరకే దొరుకుతుంది గానీ, సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది, అప్పుడప్పుడూ నీళ్ళు పొయ్యాలి. మాస్టారి ల్యాబులో పోసిన వాళ్ళు ఉండి ఉండరు.

ఏసీ తీసేయ్. పాడేరులో ఏసీ ఏంటి బాబూ!

కొండగాలి · రాత్రి 9:15

ఏసీ మా ఆఫీసు సర్వర్ రూము చూసి రాశానండి, సిగ్గుగా ఉంది 🙏 మాస్టారూ, కోపం ఎందుకు, మీరు చెప్పకపోతే అలాగే కొనేసేవాళ్ళం.

పాతటవర్ · అక్టోబరు 28, ఉదయం 6:10

రిటైరైనవాణ్ణి, కాస్త ఎక్కువ రాస్తాను.

ఊరికి నెట్ తెచ్చే పని మన తెలుగునేల మీద ఇరవై ఏళ్ళ కిందటే చేశారు. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళు ‘అశ్విని’ పేరుతో పల్లెల్ని మామూలు వైఫై రేడియోలతో దూరదూరంగా కలిపారు. ఐఐటీ కాన్పూర్ వాళ్ళ సాయం ఉంది. ఊళ్ళో కూర్చుని వీడియోలో డాక్టరుకి చూపించుకోవడం, పాఠం వినడం దాని ఉద్దేశం. అప్పటి అనుభవాల మీద వాళ్ళు రాసిన పేపర్లు చదివే నేను ఈ పనిలో దిగాను. అందులో నాకు మనసున పట్టింది ఒక్కటే: రేడియో చవక, దాన్ని ఎత్తున నిలబెట్టే టవరే ఖర్చు. కోనసీమలా చదునైన నేలయితే టవరు తప్పదు. మీకు కొండ ఉంది. దేవుడిచ్చిన టవరు.

తమిళనాడులో తేని దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రి పల్లె కేంద్రాల్ని కూడా ఇలాగే కలిపారు. అక్కడ నెట్‌వర్కుని ఎక్కువగా పడగొట్టింది కరెంటు. ఓల్టేజి ఎగిరెగిరి పడి బోర్డులు, అడాప్టర్లు కాలేవి. అందుకే సుబ్బడి బ్యాటరీ మీదనే రేడియో నడపండి, లైను కరెంటుకి నేరుగా తగిలించొద్దు.

ఇక మీ 8 కిలోమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండు ఆరుబయట వాడుకోవడానికి 2018 అక్టోబరు నుంచి చాలా భాగం లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. జత రేడియోలు చాలు. కానీ ‘కంటికి కనిపిస్తోంది కదా’ అని మోసపోకండి. రేడియో దారి దారంలా సన్నగా ఉండదు, దోసకాయలా మధ్యలో ఉబ్బి ఉంటుంది. 8 కిలోమీటర్లకి నట్టనడుమ ఆ ఉబ్బు 10 మీటర్లు. అందులో కనీసం 6 మీటర్లు, అంటే 20 అడుగులు, గీతకి కింద ఏ చెట్టూ తగలకుండా ఉండాలి. వానకి 5 గిగాహెర్ట్జ్ పెద్దగా తగ్గదు, తడిసిన ఆకు మాత్రం మింగేస్తుంది.

మధ్యాహ్నం ఒకడు మండలంలో మేడ మీద, ఒకడు చింతచెట్టు దగ్గర చెరో అద్దం పట్టుకుని ఎండ తిప్పండి. అద్దం మెరుపు కనపడని చోట రేడియో గురించి ఆలోచించనక్కర్లేదు. కనపడితే అప్పుడు చెట్ల ఎత్తు కొలవండి.

పిడుగు సంగతి మరిచిపోవద్దు. కొండ మీద ఇనప గొట్టం నిలబెడుతున్నారు. గొట్టానికి ఎర్తు, తీగకి సర్జ్ అరెస్టరు (ఎగిరిపడే కరెంటుని ఎర్తులోకి దించేసేది). నేనైతే గొట్టం దగ్గర పెట్టె నుంచి గదిలోకి రాగితీగ తీసుకురాను. ఆ ఆఖరి ముక్క ఫైబరు వేసి, రెండు వైపులా మీడియా కన్వర్టర్లు (రాగితీగ నుంచి ఫైబరుకి, ఫైబరు నుంచి రాగితీగకి మార్చే పెట్టెలు) పెడతాను. గాజులోంచి పిడుగు రాదు. ఎంత, మూడు వేల ఖర్చు.

డాలస్_బావ · ఉదయం 7:45

అందరూ పెద్దవాళ్ళు, ఒక మాట అనొచ్చా? సన్నగా నెట్, చిన్న సర్వరు, అందులో ముందే నింపిన పాఠాలు... అక్కడికే పోతోంది ఈ చర్చ. మా పిల్లలకి ప్రపంచం మొత్తం, కొండమీద పిల్లలకి పెన్‌డ్రైవా? పేదవాడు కాబట్టి తక్కువది చాలు అన్నట్టుంది. నేను మా ఊళ్ళో సైబర్ కేఫ్‌కి గంటకి 20 రూపాయలిచ్చి నేర్చుకున్నాను. ఎవరూ నాకు ఎంచి పెట్టలేదు.

గోరింట · ఉదయం 11:30

బావగారు అడిగింది సరైన ప్రశ్నే. నేను ఆదిలాబాద్ వైపు ఒక పల్లె గ్రంథాలయంలో ఇలాంటి సర్వరు నాలుగేళ్ళుగా నడుపుతున్నాను. నాది పూర్తిగా ఒప్పుదల కాదు, కానీ చూసింది చెప్తాను.

మాకు మొదట నెట్టే వచ్చింది, సర్వరు లేదు. 4 ఎంబీపీఎస్. పదిమంది ఒకేసారి కూర్చుంటే ఎవరికీ ఏమీ తెరుచుకోదు. పిల్లలు గుండ్రంగా తిరిగే చక్రం చూస్తూ కూర్చునేవాళ్ళు. ఒకసారి తెరిచిన పేజీని దాచిపెట్టి అందరికీ ఇచ్చే పద్ధతి వెనకటికి పనిచేసేది. ఇప్పుడు సైట్లన్నీ తాళం వేసిన దారిలో వస్తాయి కాబట్టి మధ్యలో దాచడం కుదరదు. అందుకే సర్వరు పెట్టాం. కీవిక్స్‌లో (నెట్ లేకుండా వికీపీడియా చదివించే సాఫ్ట్‌వేర్) తెలుగు వికీపీడియా మొత్తం (2003 నుంచి జనం రాస్తున్నది) చిన్న కార్డులో పట్టేస్తుంది. బొమ్మలతో సహా ఇంగ్లీషుదైతే వంద జీబీ పైనే. కొలిబ్రీలో (నెట్ లేకుండా పాఠాలు చూపించేది) పాఠాలు, తెర మీద చేసి చూసే ఫెట్ సైన్సు ప్రయోగాలు. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడుకి సంబంధించిన దీక్ష (ప్రభుత్వ పాఠాల యాప్) వీడియోలు ముందే దించిపెట్టాను.

నా వరకు ఆఫ్‌లైన్ అంటే నెట్‌కి బదులు కాదు. బావిలో నీళ్ళున్నాయని ఇంట్లో బిందె మానేస్తామా, అలాంటిదే. బరువైనవన్నీ బిందెలో ఉంటే, ఆ సన్నటి 4 ఎంబీపీఎస్ మెయిల్‌కి, స్కాలర్‌షిప్ ఫారానికి, వెతుకులాటకి మిగులుతుంది.

ఇక పిల్లలు ఏం తెరిచారో చెప్పనా? మేం కష్టపడి పెట్టిన లెక్కల పాఠాలు కాదు. చేపలు. చేపల బొమ్మలున్న ప్రతి పేజీ. మా వాగులో దొరికేది ఏదో కనిపెట్టాలని మూడు వారాలు వెతికారు. తర్వాత ఒకమ్మాయి వాళ్ళ అవ్వ గోండిలో చెప్పిన కథ ఫోనులో రికార్డు చేసి తెచ్చి, దీన్ని కూడా అందులో పెట్టమంది. ఇప్పుడు అలాంటివి 60 పైగా ఉన్నాయి. సాయంత్రం పెద్దవాళ్ళు వచ్చేది అవి వినడానికే. మాస్టారూ, కువి సంగతికి నాకు తోచిన దారి ఇది.

కేవలం కంప్యూటరు చేతికిస్తే చదువు వచ్చేస్తుందన్న నమ్మకం మీద పెరూ దేశం 8 లక్షలకి పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనంలో లెక్కల్లోగానీ భాషలోగానీ తేడా ఏమీ కనపడలేదు. బావగారికి కేఫ్‌లో పక్క సీటువాడు ఉన్నాడు కదా, తెలియంది అడగడానికి. మన ల్యాబులో ఆ పక్క సీటువాడు ఎవరో ముందు చూడాలి.

డాలస్_బావ · మధ్యాహ్నం 12:10

ఉన్నాడు. కేఫ్ ఓనరు తమ్ముడు, బ్యాక్‌లాగులన్నీ అక్కడే కూర్చుని రాశాడు. సరే అమ్మా, ఒప్పుకున్నా. మొత్తం కాదు, సగం.

తీగలమనిషి · మధ్యాహ్నం 1:00

రెండు ముక్కలు చేర్చి పోతాను. ఆ ఉచితం కంప్యూటర్లలో విండోస్ 10 ఉంటే, దానికి మద్దతు మొన్న 14వ తేదీతో అయిపోయింది. పాతవి కాబట్టి చాలావాటికి 11 ఎక్కదు. కంపెనీ ఎందుకు వదిలించుకుంటోందో అర్థమైందా? లినక్స్ వేసుకో, తెలుగు ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అందులోనే ఉంటుంది. కేరళ బళ్ళు చాలా ఏళ్ళుగా దాని మీదనే నడుస్తున్నాయి. విండోసే కావాలంటే, నెట్ కనెక్షనుని ‘మీటర్డ్’ (అప్‌డేట్లు వాటంతటవే దిగకుండా ఆపే సెట్టింగు) అని పెట్టకపోతే సోమవారం పొద్దున పది మిషన్లూ ఒకేసారి దించుకోవడం మొదలెట్టి నెట్టుని మింగేస్తాయి.

రెండోది, బడి కనెక్షను ఊళ్ళోవాళ్ళకి డబ్బు తీసుకుని పంచొద్దు, అది నేరం. పంచాలనుంటే పీఎం-వాణి కింద చెయ్యండి. 2020 డిసెంబరులో తెచ్చారు, కిరాణా కొట్టువాడు కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్మొచ్చు, ఒక అగ్రిగేటరు కింద చేరితే చాలు. రేషన్ డీలరుకి అది పనికొస్తుంది, ముసలాళ్ళు గుట్ట ఎక్కే పని తప్పుతుంది.

అడ్మిన్ · మధ్యాహ్నం 3:30

ఏ ప్రభుత్వం ఎన్ని టవర్లు వేసిందన్న కొట్లాట పోస్టులు 14 తీసేశాను. దానికి వేరే థ్రెడ్డు ఉంది.

కొండగాలి · డిసెంబరు 7, ఆదివారం రాత్రి 8:50

ఊరెళ్ళి వచ్చాను. వలిసె పూలు చివరికొచ్చాయి, పొగమంచు పది గంటలకి గానీ విడవలేదు.

సచివాలయంలో పెట్టె ఉంది. ఏ లైటూ లేదు. తీగలమనిషి గారూ, మీరు చెప్పిందే. దాని ప్లగ్గు తీసి ఫోను ఛార్జరు పెట్టుకున్నారు. తగిలిస్తే నాలుగు నిమిషాల్లో పాన్ పచ్చగా వెలిగింది. స్పీడు చూస్తే 40 ఎంబీపీఎస్! కానీ సచివాలయం ఉన్నది పక్క ఊళ్ళో, బడికి 2.3 కిలోమీటర్లు. అంటే మాకు 8 అక్కర్లేదు, 2.3 చాలు. కనెక్షను బడి పేరున రాయించుకోవడానికి మాస్టారు దరఖాస్తు రాసిచ్చారు.

అద్దం పని కూడా చేశాం. మా చెల్లెలు సచివాలయం మేడ మీద, నేను బడి నీళ్ళ ట్యాంకు మీద. ముప్పావు గంట ఏమీ కనపడలేదు. తీరా చూస్తే నేను పక్క కొండకేసి తిప్పుతున్నాను. దిక్కు సరిచేశాక తళుక్కుమంది. ఊళ్ళో పిల్లలందరూ ట్యాంకెక్కేశారు, దింపడానికి గంట పట్టింది.

మారిన లెక్క ఇది, మేము అడిగిన రేట్ల ప్రకారం. వాడిన ల్యాప్‌టాప్‌లు 8: 1,28,000. మినీ పీసీ సర్వరు, డిస్కు: 24,000. సోలారు మొత్తం: 85,000. రేడియోలు, గొట్టం, ఎర్తు, ఫైబరు ముక్క: 45,000. స్విచ్చి, వైఫై, వైరింగు: 14,000. బల్లలు, ఎలకలు రాకుండా జాలీ, తలుపు: 20,000. మొత్తం 3,16,000. మిగిలిన 84,000 ముట్టుకోం. నెలకి 3,500 చొప్పున రెండేళ్ళు: అందులో 2,500 గది చూసుకునే మనిషికి, మిగతాది నెట్ బిల్లుకీ రిపేర్లకీ. ఆ తర్వాత కొనాల్సిన బ్యాటరీ కోసం తొమ్మిదిమందిమి తలా 300 నెల నెలా వేరే ఖాతాలో వేస్తున్నాం, నవంబరు నుంచి మొదలుపెట్టేశాం. ప్రింటరు లేదు.

పంతులు_గిరి · డిసెంబరు 8, ఉదయం 5:40

బాబూ, మనిషి సంగతి నేను చూశాను. మా బళ్ళోనే చదివి ఇంటరు అయిన అమ్మాయి ఒకతె ఖాళీగా ఉంది, కువి వచ్చు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు. తాళాలు రెండు చేయించండి, ఒకటి ఆ పిల్ల దగ్గర, ఒకటి వార్డెన్ దగ్గర. నా దగ్గర వద్దు.

పాతటవర్ · ఉదయం 6:30

2.3కి దోసకాయ ఉబ్బు ఐదున్నర మీటర్లే, హాయి. దారిలో కాఫీ తోటలున్నాయా? ఉంటే నీడకి వేసిన సిల్వర్ ఓకు చెట్లు చూసుకో. ఈ ఏడు తగలకపోయినా రెండేళ్ళకి తగులుతాయి, లేతవి ఏటా నాలుగైదు అడుగులు లేస్తాయి. గొట్టం ఇప్పుడే పది అడుగులు ఎక్కువ పెట్టించు.

కొండగాలి · రాత్రి 9:30

ఉన్నాయండి, మిరియాల తీగలు పాకించినవి, సరిగ్గా నడుమనే. తోట మా పెదనాన్నదే, కొమ్మలు కొట్టుకోవచ్చన్నాడు. కానీ గొట్టం ఎత్తు పెంచుతాం.

ఇంకో చిక్కు. ఎర్తు గుంత తవ్వుతుంటే మూడు అడుగుల్లోనే బండ తగిలింది. ఏం చెయ్యాలి?

సోలార్_సుబ్బడు · రాత్రి 9:50

నిలువుగా దిగకపోతే అడ్డంగా పరుచు. రెండున్నర అడుగుల లోతు కాలవ, పది పన్నెండు మీటర్లు, ట్యాంకు తడి కారే వైపుకి. అందులో జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ వేసి బెంటొనైట్ (తడి పట్టుకునే బంకమట్టి) పోసి కప్పెయ్. ఉప్పు వెయ్యకు, పట్టీని తినేస్తుంది. అయ్యాక మీటరు పెట్టి కొలిపించి ఎన్ని ఓములు వచ్చిందో ఇక్కడ రాయి.

కొండగాలి · రాత్రి 9:58

గురువారం సంత. శుక్రవారం మనుషులు దొరుకుతారు, ఆ రోజు తవ్విస్తాం. కొలిచి రాస్తాను.